గడప దగ్గర రాసే లెక్క
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వ్యవసాయ సర్వేలకు ఊళ్లలో వివరాలు ఎలా సేకరిస్తారన్న విషయంపై ప్రశ్నలు పంపమని కోరితే నర్సంపేట నుంచి జగిత్యాల దాకా ఉత్తరాలు వచ్చాయి. సర్వే చేయడానికి వెళ్లేవారూ రాశారు, జవాబు చెప్పవలసిన రైతులూ రాశారు. పాత వరంగల్ జిల్లా ఊళ్లలో చాలా ఏళ్లు ఈ పని చేసినవాడిగా నాకు తెలిసినంత మేరకు జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: డిగ్రీ పూర్తి చేసి, ఒక జాతీయ వ్యవసాయ సర్వేలో కాంట్రాక్టు ఎన్యూమరేటర్‌గా (ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునేవాడిగా) ఎంపికయ్యాను. షెడ్యూలు (ప్రశ్నల ఫారం) ఎలా నింపాలో శిక్షణలో చెప్పారు. కానీ ఊళ్లోకి పోయాక మొదట ఎవరిని కలవాలి, ఏ వేళకు పోవాలి, ‘మా పథకాలు బంద్ చేస్తరా’ అని అడిగితే ఏం చెప్పాలి అన్నది ఎవరూ చెప్పలేదు. (నర్సంపేట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు అడిగిన మూడింటిలో వేళ గురించి ముందు చెబుతాను, ఎందుకంటే ఎక్కువ సర్వేలు చెడేది అక్కడే. ఆఫీసు వేళలు పది నుంచి అయిదు దాకా. రైతు ఇంట్లో లేని వేళలూ సరిగ్గా అవే. పత్తి ఏరే రోజుల్లో పదకొండు గంటలకు ఒక ఇంటి తలుపు తడితే ముసలమ్మో, బడికి పోని పిల్లవాడో కనిపిస్తారు. అప్పుడు వాళ్లనడిగి షెడ్యూలు నింపుకొని వచ్చేయాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశకు లొంగవద్దని మిమ్మల్ని చేతులు జోడించి కోరుతున్నాను. పొద్దున్నే ఏడు గంటల లోపు, లేదంటే సాయంత్రం పశువులు ఇంటికి చేరిన తర్వాత పొండి. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి ఉన్న రోజుల్లో రైతు ఇంట్లో కాక కుప్ప దగ్గరే పడుకుంటాడు, అక్కడికే పొండి. తూకం కోసం ఎదురుచూసే ఆ సమయంలో ఆయనకు తీరిక ఉంటుంది, లెక్కలన్నీ నోటి మీద ఉంటాయి.

ఊళ్లోకి పోగానే పంచాయతీ కార్యదర్శిని కలిసి మీ గుర్తింపు కార్డు చూపించి, వచ్చిన పని చెప్పండి. సర్పంచికి, వార్డు సభ్యులకు కూడా చెప్పడం మర్యాద. అయితే ఇంటింటికీ తిరిగేటప్పుడు వాళ్లను వెంట తీసుకుపోవద్దు. ఊరి పెద్దమనిషి పక్కన నిలబడి వింటుంటే ఏ కౌలుదారూ తన కౌలు సంగతి చెప్పడు, అప్పు తెచ్చినవాడు షావుకారు ఊసే ఎత్తడు.

తర్వాత చేసే పని ఇళ్ల జాబితా. నమూనాకు ఎంపికైన ఊళ్లో అన్ని ఇళ్లనూ ముందు జాబితా రాసుకొని, అందులోంచే నిర్ణీత పద్ధతిలో కొన్ని కుటుంబాలను ఎంచుకుంటారు. మన ప్రాంతంలో ఇక్కడ ఒక చిక్కు ఉంది. నమూనా ఊళ్లను 2011 జనాభా లెక్కల్లోని గ్రామాల పట్టిక నుంచి తీసుకున్నప్పుడు ఆ పేరు రెవెన్యూ గ్రామాన్ని సూచిస్తుంది. 2018లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టంతో అయిదు వందలు దాటిన జనాభా ఉన్న తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి. ‘తండా ఇప్పుడు వేరే పంచాయతీ సార్’ అని ఊరివారు చెబితే కొత్త ఎన్యూమరేటర్ దాన్ని వదిలేసి వస్తాడు. కానీ పాత గ్రామం హద్దులో తండా ఉన్నట్లయితే అది మీ జాబితాలో ఉండి తీరాలి. తండా వదిలేస్తే చెలక వ్యవసాయమూ, మేకలూ, కూలికి పోయే కుటుంబాలూ ఒక్కసారిగా లెక్క నుంచి జారిపోతాయి. మిగిలేది చెరువు కింది వరి రైతులే. జిల్లాలు కూడా 2016 అక్టోబరులోనూ ఆ తర్వాతా మారాయి కాబట్టి, పట్టికలో ఉన్న జిల్లా పేరూ ఇప్పటి జిల్లా పేరూ ఒకటే కాకపోవచ్చు. గ్రామం కోడును సరిచూసుకోండి.

ఇక పథకాల భయం. ‘మీరు చెప్పింది బట్టి ఏ పథకమూ రాదు, ఏ పథకమూ పోదు’ అని సూటిగా చెప్పండి, చెప్పిన మాట మీద నిలబడండి. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం సేకరించిన వ్యక్తిగత వివరాలను గణాంకాలకు తప్ప వేరే పనికి వాడకూడదు. రైతు నోరు విప్పుతాడన్న ఆశతో ‘రాస్తే ఏదైనా వస్తుంది కాకా’ అని మాత్రం ఎప్పుడూ అనవద్దు. అట్లా చెప్పి వచ్చిన ఇంటికి రెండో విడత పోయినప్పుడు మీకు మంచినీళ్లు కూడా పుట్టవు.

ప్రశ్న: నాకు సొంత భూమి లేదు. హైదరాబాద్‌లో ఉండే ఒకాయన అయిదెకరాలు పదేళ్లుగా కౌలుకు చేస్తున్నాను. సర్వే అని వచ్చినాయన పాసు పుస్తకం అడిగి, లేదంటే ‘అయితే మీరు కూలీలు’ అని రాసుకుని పోయాడు. నేను రైతును కాదా? (పరకాల దగ్గరి గ్రామం నుంచి, పేరు రాయవద్దని కోరిన పాఠకుడు)

జవాబు: మీరు రైతే. ఆయన రాసింది తప్పు. ఆ తప్పు మీ ఒక్కరి ఇంట్లోనే జరగడం లేదు కాబట్టి కొంత వివరంగా రాస్తాను.

మన దేశంలో 1970–71 నుంచి అయిదేళ్లకోసారి వ్యవసాయ కమతాల గణన జరుగుతోంది. అందులో కమతం అంటే ఒక వ్యక్తి ఒంటరిగా గానీ ఇతరులతో కలిసి గానీ ఒకే సాగు యూనిట్‌గా దున్నుకునే భూమి మొత్తం. దాని హక్కు ఎవరిది, పట్టా ఎవరి పేరున ఉంది, ఆ భూమి ఎన్ని ముక్కలుగా ఉంది అన్నవి ఆ నిర్వచనంలోకి రావు. ఆ లెక్కన మీ అయిదెకరాలు మీ కమతం. హైదరాబాద్‌లో ఉన్నాయన ఆ భూమికి యజమానే తప్ప దాని సాగుదారు కాడు.

జాతీయ గణాంక కార్యాలయం చేసే వ్యవసాయ కుటుంబాల స్థితిగతుల సర్వేలోనూ ఇదే ధోరణి ఉంది. 2003లో ఆ సర్వే చేసినప్పుడు రైతు కుటుంబం అనిపించుకోవడానికి భూమి చేతిలో ఉండాలన్న షరతు ఉండేది. 2013 నాటికి ఆ షరతు తీసేశారు. 2019 సర్వేలో, గడిచిన 365 రోజుల్లో వ్యవసాయ పనుల నుంచి 4,000 రూపాయలకు మించిన విలువ గల ఉత్పత్తి వచ్చి, ఇంట్లో కనీసం ఒకరు సొంతంగా వ్యవసాయం చేస్తూ ఉంటే అది వ్యవసాయ కుటుంబమే. ఇందులో పాసు పుస్తకం ప్రస్తావనే లేదు. రెండు బర్రెలు పెట్టుకొని పాలు పోసే భూమిలేని కుటుంబం కూడా ఇందులోకి వస్తుంది. కేవలం కూలి మీద బతికే కుటుంబం మాత్రం రాదు.

అయినా మీలాంటివారు ఎందుకు జారిపోతున్నారంటే, మన రాష్ట్రంలో కమతాల గణనకు మొదటి ఆధారం రెవెన్యూ రికార్డు. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. దాన్ని ప్రతిసారీ నిజాయితీగా నింపారని నేను అనను, కానీ కాలమ్ అంటూ ఉంటే అడగడానికి ఒక ఆధారం ఉండేది. 2020లో భూమి రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చాక అది కనిపించకుండా పోయింది. కాగితం మీద లేని మనిషిని పట్టుకోవాలంటే ఎన్యూమరేటర్ పొలం దాకా నడవాలి.

నడిచేవారికి ఒక సూచన. ‘మీకు ఎంత భూమి ఉంది?’ అని అడగవద్దు. ఆ ప్రశ్న వినగానే మనవాళ్లు పట్టా భూమి చెబుతారు. ‘పోయిన వానకాలం మీరు ఎక్కడెక్కడ పంట వేసిండ్రు?’ అని అడగండి. చెరువు కింద రెండెకరాలు, రోడ్డు పక్కన చెలక ఎకరం ఇరవై గుంటలు, అన్న వాటా పాలుకు చేసింది ఎకరం అని ఒక్కొక్కటీ బయటికి వస్తుంది. అన్నీ రాసుకున్నాక ‘ఇందులో మీది ఏది, కౌలు ఏది, కౌలు పైసల రూపంలోనా, బస్తాల రూపంలోనా, పంటలో వాటానా?’ అని అడగండి. ఈ వరుస తిరగబడితే కౌలు మాట ఎప్పటికీ రాదు.

మీ యజమానికి తెలుస్తుందేమోనని మీరు ఉత్తరంలో రాసిన భయం నాకు అర్థమైంది. మీ జవాబు ఆయనకు చేరదు. దాన్ని ఆధారంగా చూపి కౌలు హక్కు అడగడం మీకూ కుదరదు. ఈసారి ఎవరైనా వస్తే నేను చెప్పిన నిర్వచనం గుర్తుంచుకొని, కూలీ అని రాయవద్దని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: మా ఊళ్లో ఆరు వందల గడపలుంటే పది ఇళ్లకే పోయిండ్రు. పది ఇళ్ల మాట దేశం మాట ఎట్లయితది? (వర్ధన్నపేట నుంచి ఒక రైతు)

జవాబు: మీ ఊరి పది ఇళ్లు మీ ఊరి లెక్క చెప్పవు, చెప్పాలని ఎవరూ అనుకోవడం లేదు. 2019 సర్వే మొదటి విడతలో దేశమంతటా 5,940 గ్రామాల్లో 58,035 కుటుంబాలను కలిశారు. అంటే ఊరికి సగటున పది లోపే. అన్నం ఉడికిందో లేదో చూడడానికి కుండంతా కుమ్మరించనక్కరలేదు కదా. అయితే గంటె ఎక్కడ పెట్టాలన్నది వండేవారి ఇష్టం కాకూడదు. రోడ్డు పక్కన ఉన్న ఇల్లు, బాగా మాట్లాడే ఇల్లు, టీ ఇచ్చే ఇల్లు అని ఎంచుకుంటే ఆ లెక్క పనికి రాదు. ఎంపికైన ఇల్లు ఊరి చివర ఉన్నా, యజమాని మూడుసార్లు దొరకకపోయినా నాలుగోసారి పోవాలి. ఒక్క హెచ్చరిక: ఆ సర్వే అంకెలు రాష్ట్రం స్థాయి వరకే చదవదగినవి. వాటిని చూపించి ‘మన మండలంలో రైతు ఆదాయం ఇంత’ అని ఎవరైనా ఉపన్యాసంలో చెబితే నమ్మవద్దు.

ప్రశ్న: మా వరి మడిలో సారువాళ్లు వచ్చి చిన్న గడి గీసి కోసిండ్రు. మడి నడుమ బంగారంలాంటి పంట ఉంటే వాళ్లు దోమపోటు తగిలిన దిక్కే గీసిండ్రు. ఎంత చెప్పినా వినలేదు. మా దిగుబడిని కావాలనే తక్కువ చేసినట్టు కాదా? (దుగ్గొండి మండలం నుంచి ఒక రైతు)

జవాబు: మీ బాధ నాకు తెలుసు. గడి మీరు చూపిన చోట గీసి ఉంటే, దిగుబడి అంచనా కోసం చేసే ఈ పంట కోత ప్రయోగం అక్కడికక్కడే చెడిపోయేది. దోమపోటు తగిలిన చోటు పడిందని మీరు అనుకుంటున్నట్టే, పక్క ఊళ్లో బంగారంలాంటి చోటు పడిన రైతు కూడా ఉంటాడు. ఇద్దరినీ కలిపితేనే సగటు.

గడి ఎట్లా పడుతుందో చెబుతాను. పొలం నైరుతి మూల నుంచి మొదలుపెడతారు. పొడవు, వెడల్పు కొలిచి, గడి పొలం దాటి బయటికి పోకుండా ఆ రెండింటిలోంచి గడి కొలత తీసేసి, యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలో రెండు సంఖ్యలు తీసుకుంటారు. మొదటి సంఖ్య పొడవు వెంట, రెండోది వెడల్పు వెంట. నడక ఆగిన చోటే గడికి మొదటి మూల. అక్కడి నుంచి అయిదు మీటర్లకు అయిదు మీటర్లు. మూలలు సమంగా వచ్చాయో లేదో తెలియడానికి ఎదురు మూలల మధ్య టేపు పెట్టి చూస్తారు. ఏడు మీటర్ల ఏడు సెంటీమీటర్లు రావాలి. రాకపోతే గూటాలు పీకి మళ్లీ పాతాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ గడి వైశాల్యం 25 చదరపు మీటర్లు. హెక్టారులో అలాంటి గడులు 400. గడిలో ఒక కిలో తేడా వస్తే హెక్టారుకు నాలుగు క్వింటాళ్ల తేడా, ఎకరానికి దాదాపు 162 కిలోల తేడా. తాడు వదులై ప్రతి పక్కా పది సెంటీమీటర్లు పెరిగితే చాలు, పంట 4 శాతం ఎక్కువ కనిపిస్తుంది. తాడు కింద పడిన దుబ్బుల సంగతి ఇంకా సున్నితమైనది. కంకి లోపలికి వంగిందా అని కాదు, దుబ్బు వేరు లోపల ఉందా అని చూడాలి. వంగిన కంకులన్నీ లోపలికి లాక్కుంటే గడి ఎప్పుడూ ఎక్కువే పండుతుంది. ఇది చిన్న గడిలో మరీ ఎక్కువ, ఎందుకంటే గడి చిన్నదైన కొద్దీ అంచు వాటా పెరుగుతుంది. 1940ల్లో ఈ విషయం మీదే పెద్ద చర్చ నడిచింది. బెంగాల్‌లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ చిన్న కోతలతో ఎక్కువ చోట్ల కోయించేవారు. వ్యవసాయ పరిశోధన మండలిలో పి.వి. సుఖాత్మే, వి.జి. పాన్సే చిన్న గడులు దిగుబడిని ఎక్కువ చేసి చూపుతాయని వాదించి, పెద్ద గడుల పద్ధతిని నిలబెట్టారు. మీ మడిలో గీసిన గడి ఆ పెద్దల పద్ధతికి వారసురాలే.

కోసిన వరిని టార్పాలిన్ మీద అక్కడే కొట్టి, తాలు ఎగరబోసి తూకం వేస్తారు. పచ్చి గింజ బరువు చివరి బరువు కాదు. కొన్ని ప్రయోగాల్లో గింజను గుడ్డ సంచిలో కట్టి ఎండబెట్టి మళ్లీ తూచి, ఎంత తరిగిందో లెక్కలోకి తీసుకుంటారు. పత్తికైతే ఒక్క కోతతో పని కాదు. అదే గడికి ప్రతి ఏరివేతకూ మళ్లీ మళ్లీ రావాలి. రెండో, మూడో ఏరివేత రాయకుండా మొదటిదానితోనే సరిపెట్టిన ఫారాలు నేను చూశాను, చూసి బాధపడ్డాను.

ఈ రోజుల్లో అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది హార్వెస్టర్. బండి రాత్రి దొరికితే రాత్రే కోయిస్తారు; రైతును తప్పు పట్టలేం, మొగులు కమ్ముకొస్తుంటే ఎవరి కోసమని ఆగుతాడు? ఒకసారి తెల్లవారి ఆరు గంటలకు నేను పోయేసరికి ఎంపికైన మడిలో కొయ్యకాళ్లు, బండి చక్రాల చాళ్లు మాత్రమే మిగిలాయి. అటువంటప్పుడు నియమం ప్రకారం ప్రత్యామ్నాయ పొలానికి పోవాలే తప్ప, ‘ఎకరానికి ఇరవై అయిదు బస్తాలు అయినయి’ అన్న మాటను గడి లెక్కలోకి తిప్పి రాయకూడదు. అందుకే మీతో నా మనవి: మీ పొలం ఎంపికైందని తెలిసినప్పుడు కోత తేదీ ఒక రోజు ముందు ఫోన్ చేసి చెప్పండి.

ప్రశ్న: రైతులను ఆదాయం, అప్పు గురించి అడిగినప్పుడు ఒకే మనిషి రెండు రకాల జవాబులు చెబుతున్నారు. అబద్ధం చెబుతున్నారని అనుకోవాలా? (హనుమకొండ నుంచి, సర్వేలో పనిచేస్తున్న పాఠకురాలు)

జవాబు: అబద్ధమని అనుకోవద్దమ్మా. చాలాసార్లు తేడా మనం అడిగిన కొలతలో ఉంటుంది.

నేను కొత్తగా చేరిన రోజుల్లో నెక్కొండ వైపు ఒక ఊళ్లో అప్పు వివరాలు రాస్తున్నాను. ‘మిత్తి ఎంత?’ అని అడిగితే ఆ రైతు ‘రెండు రూపాయలు’ అన్నాడు. వడ్డీ రేటు గడిలో 2 అని రాసేశాను. ఆ సాయంత్రం ఫారాలు చూసిన మా పెద్దసారు నన్ను పిలిచి, ‘బ్యాంకు ఇచ్చే పంట రుణం కంటే షావుకారు అప్పే చవక అంటున్నావా?’ అని అడిగారు. రెండు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. నేను రాసిన అంకె ఆ కుటుంబం మోస్తున్న భారాన్ని పన్నెండో వంతుకు తగ్గించింది. మర్నాడు మళ్లీ ఆ ఊరికి పోయి దిద్దుకొచ్చాను. అప్పటి నుంచి మిత్తి గురించి ఎవరు ఎంత చెప్పినా ‘నూటికా, నెలకా, ఏడాదికా?’ అని అడగనిదే కలం కదపలేదు.

ఇది చిన్న విషయం కాదు. 2019 సర్వే ప్రకారం దేశంలో 50.2 శాతం వ్యవసాయ కుటుంబాలకు అప్పు ఉంది, తెలంగాణలో 91.7 శాతం కుటుంబాలకు ఉంది. కుటుంబానికి సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలైతే, మన రాష్ట్రంలో 1,52,113 రూపాయలు. ఇంత అప్పు ఉన్న చోట అప్పు గడి తప్పుగా నింపితే మిగతా షెడ్యూలంతా సరిగ్గా రాసినా ప్రయోజనం తక్కువే. ఎరువుల దుకాణంలో ఉద్దెరకు తెచ్చిన యూరియాను, పురుగు మందును ఎవరూ అప్పు అని పిలవరు. పంట చేతికొచ్చాక కడతారు, అప్పుడు దుకాణదారు వేసే ధర నగదు ధర కంటే ఎక్కువ. ‘అప్పు ఉందా?’ అంటే లేదంటారు. ‘దుకాణంలో ఎంత కట్టాలె?’ అంటే చెబుతారు. బంగారం కుదువ పెట్టి తెచ్చిన పైసలూ అంతే.

దిగుబడి విషయంలోనూ కొలతే చిక్కు. కొనుగోలు కేంద్రంలో వడ్లను 40 కిలోల సంచుల్లో తూకం వేస్తారు. ఇంట్లో తిండికి పోసుకున్న బస్తా డెబ్బై కిలోలు దాటవచ్చు. ఒకే రైతు ఒకసారి అరవై బస్తాలనీ, ఇంకోసారి నూటపది అనీ చెబితే రెండూ నిజమే కావచ్చు. జగిత్యాల, నిజామాబాద్ వైపు పసుపుకు పచ్చి కొమ్ములు చెబుతున్నారా, ఉడకబెట్టి ఎండబెట్టినవా అని అడగకపోతే దిగుబడి అయిదు రెట్ల దాకా మారుతుంది. రైతును ఆయన కొలతలోనే చెప్పనివ్వండి. బస్తా అంటే ఎన్ని కిలోలో పక్కన రాసుకోండి. క్వింటాళ్లలోకి, హెక్టార్లలోకి మార్చే పని మీది. ఎకరానికి నలభై గుంటలు, హెక్టారుకు సుమారు రెండెకరాల పందొమ్మిది గుంటలు అన్న లెక్క రైతు చేత చేయించవద్దు.

జ్ఞాపకం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2019 సర్వేను రెండు విడతలుగా చేసింది అందుకే. జనవరి నుంచి ఆగస్టు దాకా మొదటి విడతలో 2018 జూలై–డిసెంబరు పంటకాలం గురించి, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా రెండో విడతలో అవే ఇళ్లకు పోయి 2019 జనవరి–జూన్ గురించి అడిగారు. ఏడాది లెక్క ఒకేసారి అడిగితే చివరి పంట పెద్దదిగా, మొదటి పంట మసకగా గుర్తుంటుంది. ‘ఆరు నెలల్లో ఎంత ఖర్చయింది?’ అంటే ఎవరికీ గుర్తుండదు. ‘బోనాలప్పుడు కలుపు తీయించిండ్రా? ఎంతమంది వచ్చిండ్రు? దసరాకు పత్తి మొదటి ఏరివేత అయిందా? కిలోకు ఎంతిచ్చిండ్రు?’ అని పండుగల వెంట నడిపిస్తే లెక్క దానంతట అదే వస్తుంది.

కూలి ఆదాయం గురించి కూడా సిగ్గుపడకుండా అడగండి. ‘రైతును పట్టుకొని కూలికి పోతరా అని అడుగుడేంది’ అని కొందరు చిన్నబుచ్చుకుంటారు. కానీ ఆ సర్వేలో వ్యవసాయ కుటుంబం నెలకు సగటున సంపాదించిన 10,218 రూపాయల్లో కూలి, జీతాల వాటా 4,063. పంట మీద మిగిలింది 3,798. రైతు అని మనం పిలిచే ఇంటికి పంట కంటే కూలి ఎక్కువ తెస్తోందని దేశానికి తెలిసింది, ఆ ఇబ్బందికరమైన ప్రశ్నను ఎవరో ఓపికగా అడిగినందువల్లే.

ప్రశ్న: నాట్లు నేనే వేస్తాను, కలుపు, ఏరివేత, పశువులు అన్నీ నావే. సర్వే సారు వచ్చి ‘మీ ఆయన లేడా’ అని అడిగి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. (శాయంపేట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆయన కూర్చొని మీతోనే మాట్లాడవలసింది. విత్తనానికీ, మందుకీ ఎంతైందో మీ ఆయనకు తెలిసి ఉండవచ్చు. కూలీలు ఎంతమంది వచ్చారో, బదులు పనికి ఎవరింటికి ఎన్ని రోజులు పోయారో, పాలు ఎన్ని లీటర్లు ఇంట్లో ఉంచుకున్నారో మీకే తెలుసు. ఇంట్లో వాడుకున్న పాలు, కూరగాయలు, గింజలు కూడా ఉత్పత్తిలో భాగమే కాబట్టి, మీరు లేని సంభాషణలో అవి చాలావరకు ఎగిరిపోతాయి. కమతాల గణనలో సాగు చేసేవారు ఆడవారా, మగవారా అన్న గడి కూడా ఉంది. పట్టా భర్త పేరున ఉన్నా, ఆయన వలస పోయి సాగు నిర్ణయాలన్నీ మీరే తీసుకుంటున్నప్పుడు ఆ గడిలో మీరు ఉండాలి. సర్వేకు పోయేవారు ఇది చదువుతుంటే, భార్యాభర్తలిద్దరూ ఉన్న వేళ చూసుకొని పొండి. ఒకరు చెప్పింది ఇంకొకరు సరిదిద్దుతుంటే ఆపవద్దు. నాకు దొరికిన మంచి వివరాలు చాలా వరకు అలాంటి చిన్న వాదనల్లో దొరికినవే.

ప్రశ్న: ఇప్పుడు ట్యాబ్‌లో నింపుతున్నారు కదా, తప్పులు ఇక ఉండవా? (జనగామ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఖాళీ గడులు ఉండవు, కూడికల తప్పులు ఉండవు, ఏ ఊళ్లో ఏ వేళకు నింపారో తెలుస్తుంది. ఇవి నిజమైన లాభాలు. అయితే ట్యాబ్ ‘రెండు రూపాయల మిత్తి’ని తనంతట తాను 24గా మార్చదు. ఇంకొక ఇబ్బంది ఏమిటంటే, తెర వైపు చూస్తూ ప్రశ్న చదివేవారు రైతు ముఖం చూడరు; ఆయన ఏ ప్రశ్న దగ్గర తటపటాయించాడో వారికి తెలియదు. నా సలహా, పక్కన ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకొని రైతు మాటల్లో ముందు రాసుకొని, ఆయన ఎదుటే ట్యాబ్‌లో ఎక్కించి, ఒకసారి చదివి వినిపించండి.

ప్రశ్న: సర్వే వాళ్లు వచ్చే ముందు మేము ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి? (మహబూబాబాద్ జిల్లా నుంచి ఒక రైతు)

జవాబు: ఏ కాగితమూ తప్పనిసరి కాదు. ఉంటే మాత్రం ఎనుమాముల మార్కెట్‌లోనో, మీరు అమ్మిన చోటనో ఇచ్చిన తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు), ఎరువుల బిల్లులు, సొసైటీ లేదా బ్యాంకు రుణం పుస్తకం ఒక సంచిలో పెట్టుకోండి. తక్‌పట్టీలో తూకం, ధర, అడ్తి కోతలు విడివిడిగా ఉంటాయి కాబట్టి అది మీ జ్ఞాపకం కంటే గట్టిది. ఒక ఊళ్లో ఒక తల్లి పత్తి ఏరివేత కూలీల లెక్కను వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలుగా గీసుకుంది. రోజుకో వరుస, మనిషికో గీత, పైసలు ఇచ్చిన రోజు గీతల మీద అడ్డంగా కొట్టివేత. ఆ గోడ ముందు కూర్చొని అరగంటలో మూడు నెలల కూలి ఖర్చు పైసాతో సహా రాసుకున్నాను. అలాంటి గోడ మీ ఇంట్లో ఉంటే, సర్వే అయ్యేదాకా సున్నం వేయకండి.